నల్లజాతి విద్యార్థి సోదర సంఘాలు: అండ కోసం పుట్టిన అనుబంధం

అమెరికాలో నల్లజాతి కళాశాల విద్యార్థుల తొలి అంతర్ కళాశాల సోదర సంఘం ‘ఆల్ఫా ఫై ఆల్ఫా’. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1906 డిసెంబరు 4న ఏడుగురు దీన్ని స్థాపించారు. తేదీ గుర్తుంటే మార్కు వస్తుంది గానీ, కారణం తెలిస్తేనే విషయం బోధపడుతుంది. 1904-05లో అక్కడ చదివిన ఆరుగురు నల్లజాతి విద్యార్థులు మరుసటి ఏడు తిరిగి రాలేదు. తర్వాతివారు మొదట కలిసి చదువుకునే బృందంగా కూడారు. చదువు మధ్యలో ఆగిపోకూడదన్నదే ఈ సంఘానికి మూలం.

తెల్లవారి సంఘాలు రానివ్వకపోవడమే ఏకైక కారణమైతే, నల్లజాతి విశ్వవిద్యాలయమైన హోవార్డ్‌లో ఒమేగా సై ఫై (1911), ఫై బీటా సిగ్మా (1914) ఎందుకు పుట్టాయి? వెలివేతకు విరుగుడుగానే కాక, జీవితాంతం నిలిచే బంధుత్వంగా కూడా సభ్యత్వం అవసరమైంది. పట్టభద్రులకూ శాఖలున్నాయి. ఈ సంఘాల ‘స్టెప్’ నృత్య ప్రదర్శనలోనూ ఆ బంధం కనిపిస్తుంది: వాద్యాలేవీ లేకుండా, బూటు మడమల తాకిడి, అరచేతుల చప్పుడుతోనే వరుసంతా ఒక్క లయలో కదులుతుంది. ఒక్కడు తడబడితే వరుసంతటికీ తెలుస్తుంది.

ఈ సంఘాలు ఉన్నతవర్గపు కూటములనీ, ప్రవేశం పేరిట కొత్తవారిని హింసిస్తాయనీ ఆక్షేపణలున్నాయి. రెండోది కాదనలేనిది. దెబ్బలు తిని సంపాదించుకునే ఆత్మీయతను సమర్థించలేం. ఈ సంఘాల ఉమ్మడి మండలిలోని సంస్థలు 1990లో, సభ్యత్వానికి ముందు కొత్తవారిని పరీక్షించే పాత ‘ప్లెడ్జింగ్’ పద్ధతిని రద్దుచేసినా బెడద పోలేదు. మొదటి ఆక్షేపణ మాత్రం సగమే నిజం. నల్లజాతి పౌరహక్కుల కోసం పోరాడిన థర్‌గుడ్ మార్షల్, మార్టిన్ లూథర్ కింగ్ ఇద్దరూ ఆల్ఫా సభ్యులే. వాషింగ్టన్‌లో 2011లో ఆవిష్కరించిన కింగ్ స్మారకాన్ని ప్రతిపాదించి, ఉద్యమంగా నడిపిందీ ఆ సంఘమే.