రెప్పలకు రంగు అడిగితే ఏం చెప్పాలి?

క్రిందటి పెళ్లిళ్ల సీజన్‌లో ఒక అమ్మాయి కళ్లు తెరవలేని స్థితిలో మా ఓపీకి వచ్చింది. రెప్పలు ఉబ్బి, నీరు కారుతున్నాయి. తలకు వేయగా మిగిలిన డైని రెప్ప వెంట్రుకలకు కూడా రాయించుకుందట. రాసినామెకు చెడు ఉద్దేశం లేదు, అడిగితే కాదనలేకపోయింది. అందుకే ఈ నెల పాఠం పార్లర్లలో పనిచేసే అక్కచెల్లెళ్ల కోసం, వారి దగ్గరకు వెళ్లేవారి కోసం.

ప్రమాదం ఎందుకు?

నల్లరంగు డైలలో చాలావాటిలో పారాఫినిలీన్ డయమిన్ (పిపిడి) అనే రసాయనం ఉంటుంది. కొందరికి ఇది తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. రెప్పల చర్మం చాలా పలుచన. రంగు కంట్లోకి దిగితే నల్లగుడ్డు మీది పొర పుండు పడి, మచ్చ ఏర్పడి, చూపు పోవచ్చు. 1933లో అమెరికాలో 'లాష్ లూర్' అనే రెప్పల రంగు వల్ల స్త్రీల కళ్లు దెబ్బతిన్నాయి, చూపు కూడా పోయింది. 1938లో అక్కడ సౌందర్య సాధనాలను చట్టం కిందికి తెచ్చారు. మన దేశంలోనూ ఇలాంటి డై ప్యాకెట్ మీద, కనుబొమలకు, రెప్పలకు వాడితే గుడ్డితనం రావచ్చన్న హెచ్చరిక ఉండాలని నిబంధన.

పార్లర్‌లో పాటించవలసినవి

1. తల డైని రెప్పలకు, కనుబొమలకు ఎంత బతిమాలినా వేయవద్దు.
2. తలకు వేసేముందు, ఇదివరకు డైతో గాని, నల్ల మెహందీతో గాని దురద, పొక్కులు వచ్చాయా అని అడగండి. వచ్చి ఉంటే డై వద్దు.
3. చెవి వెనుక కొద్దిగా రాసి కనీసం 24 గంటలు ఆగండి. కొందరికి రెండు రోజుల తర్వాత దురద మొదలవుతుంది, కనుక 48 గంటలు చూడడం మేలు. ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి. పరీక్షలో ఏమీ రాకపోయినా రెప్పలకు మాత్రం వేయకూడదు.
4. రెప్పలు నల్లగా కనబడాలంటే మస్కారా చాలు. ఒకరిది మరొకరికి వాడవద్దు. పడుకునేముందు కడిగించండి.

కంట్లో పడితే

కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేసి, వెంటనే శుభ్రమైన నీటి ధారతో 15 నుంచి 20 నిమిషాలు కడగండి. కన్ను నలపవద్దు. ఆముదం, తల్లిపాలు, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయవద్దు. డై ప్యాకెట్ పట్టుకుని అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. ముఖం వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి చేర్చండి.

"కాదమ్మా, ఇది కంటికి మంచిది కాదు" అంటే ఒక బేరం పోవచ్చు. పోయిన చూపును మాత్రం మేము తెచ్చి ఇవ్వలేము.

ఆలోచించండి

1. మీ దగ్గరున్న డై ప్యాకెట్ మీద హెచ్చరిక ఎక్కడ ఉంది?
2. రేపే పెళ్లి, పరీక్షకు సమయం లేదంటే మీరేమి చెబుతారు?