వెర్డీ కోరిన వేషము

మన యక్షగానములవలె పాటలతో కథ నడపు నాటకమును ఐరోపావారు ఒపెరా యందురు. ఇటలీ దేశీయుడైన వెర్డీ స్వరపఱచిన 'లా త్రావియాతా' అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధము.

విలాసములలో మునిగియున్న వయొలెట్టా యను పారిస్ యువతి నిజమైన ప్రేమ నెఱుగును. ప్రియుని తండ్రి వేడగా అతనిని విడిచి, తుదకు క్షయవ్యాధిచే మరణించును. చిన్న డ్యూమా 1848లో ప్రకటించిన ఫ్రెంచి నవల దీనికి మూలము. అనగా ఇది వెర్డీ నాటి కథయే. కావున నటులు ప్రేక్షకులవంటి దుస్తులనే ధరింపవలెనని ఆయన కోరెను. వెనిస్ నగరపు ఫెనీచే నాటకశాల యధికారులు సమ్మతింపలేదు. 1853 మార్చి 6వ తేదీన తొలిసారి ప్రదర్శించినపుడు కథ సుమారు 1700 నాటిదిగా మార్చబడెను. తమ సమాజమే తమ యెదుట నిలిచి పాడుటకు జంకిరి కాబోలు! వెర్డీ కోరిక 1880 తరువాతగాని నెఱవేఱలేదు.

2019లో సైమన్ స్టోన్ అను దర్శకుడు పారిస్‌లో దీనిని నేటి కథగా ప్రదర్శించెను. అందు వయొలెట్టా సెల్‌ఫోను తెరపై అసంఖ్యాకులు అనుసరించు ప్రసిద్ధురాలు. పాటలు మాత్రము వెర్డీవే. పాత గౌనులే సంప్రదాయమని ఇట్టి మార్పులను నిరసించువారు కలరు. అయితే వెర్డీ కోరినది ప్రేక్షకులవంటి దుస్తులనే.

అయినను వేషము మార్చినంతనే పని తీఱదు. తన కుమారుడు వయొలెట్టాతో నున్నచో కుమార్తె వివాహము చెడునని తండ్రి ప్రాధేయపడును. నాటి ప్రేక్షకులు దీనిని వెంటనే నమ్మిరి. సెల్‌ఫోను పట్టుకొనిన నేటి వయొలెట్టా ఆ మాటకు లొంగి ప్రేమను త్యజించుననిన, నమ్మించు భారము గాయకుల కంఠముపై పడును.