లారీ ఫ్యాను – ఓమ్ సూత్రం

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. మంచిదే. అయితే ఏసీ వేసినా, హీటరు వేసినా క్యాబిన్‌లోకి గాలి తోసేది ఒకే ఫ్యాను. మెకానిక్కులు దాన్ని బ్లోయరంటారు. అది పూర్తిగా చెడిపోతే కారణం వెదకడం తేలిక. కాసేపు తిరిగి, కాసేపు మానేస్తేనే తంటా. షెడ్డుకి తీసుకెళ్ళేసరికి బుద్ధిమంతుడిలా తిరుగుతూ ఉంటుంది!

మా బాబాయి లారీలో నిరుడు ఇదే జరిగింది. మిరపకాయల లోడుతో బయల్దేరిన గంటకల్లా ఫ్యాను ఆగేది. బండి గతుకులో పడితే మళ్ళీ తిరిగేది. ఎండాకాలం చెమటతో సరిపెట్టుకున్నాడు. వానాకాలం రాత్రి అద్దానికి లోపల ఆవిరి పట్టి దారి కనబడక, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని నడిపానన్నప్పుడు మాత్రం ఇంటిల్లిపాదికీ భయం వేసింది. అప్పటికే ఒక షెడ్డులో మోటారు, మరోచోట స్విచ్చి మార్చారు. రోగం మారలేదు.

మొదట చెవితో పరీక్షించాలి. గాలి తగ్గినా మోటారు రొద వినబడుతూంటే అది కరెంటు లోపం కాదు. ఏసీ కాయిలు మీద మంచు పేరుకుని గాలికి అడ్డుపడి ఉండవచ్చు. ఏసీ కట్టేసి ఫ్యాను మాత్రం ఉంచితే కాసేపటికి మంచు కరిగి గాలి వస్తుంది. రొద కూడా ఆగిందంటే వైర్ల వెంట పడాల్సిందే. తక్కువ స్పీడులు పోయి, పెద్ద స్పీడు ఒక్కటే పనిచేస్తుంటే అనుమానం రెసిస్టెన్సు మీదికి పోతుంది. పాతరకం బండ్లలో పెద్ద స్పీడుకి కరెంటు దాని గుండా పోదు కనుక.

మా బండిలో అన్ని స్పీడులూ ఒకేసారి పోయేవి. పోయిన క్షణంలోనే, స్విచ్చి పెద్ద స్పీడులో ఉంచి, మోటారు రెండు టెర్మినళ్ళ మధ్య మీటరు పెట్టాలి. పూర్తి ఓల్టేజి ఉన్నా తిరగకపోతే తప్పు మోటారుదే. కార్బన్ బ్రష్షులు అరిగినా ఇలాగే అవుతుంది. పాజిటివ్ టెర్మినలుకీ బాడీకీ మధ్య ఓల్టేజి ఉండి, రెండు టెర్మినళ్ళ మధ్య లేకపోతే ఎర్తు వైపు తెగిందన్నమాట. రెండు చోట్లా లేకపోతే ఫ్యూజు, రిలే, స్విచ్చి, కప్లర్లు చూసుకుంటూ వెనక్కి పోవాలి.

ఇక్కడే మీటరు మోసం చేస్తుంది. మోటారు వైరు ఊడదీసి చూస్తే 24 ఓల్టులూ చూపిస్తుంది! మా బోరు పైపులో సగం మట్టి పూడినా, గేటు వాల్వు మూసి ఉన్నంతసేపు ప్రెషర్ గేజి నిండుగానే చూపిస్తుంది. వాల్వు తిప్పితే గాని బండారం బయటపడదు. వైరు సంగతీ అంతే. మీటరు లాగే కరెంటు అత్యల్పం, కనుక చెడు అతుకు దగ్గర ఓల్టేజి తగ్గదు. ఫ్యాను తిరుగుతుండగా కొలవాలి.

బ్యాటరీ పాజిటివ్ మీద ఒక కొన, మోటారు పాజిటివ్ మీద రెండో కొన పెట్టి చూశాం. అర ఓల్టు చూపాల్సిన చోట మూడు ఓల్టులకు పైగా చూపించింది. ఒక్కో మజిలీ తగ్గించుకుంటూ వస్తే, ఆ మూడు ఓల్టులూ డాష్‌బోర్డు కింద ఒకే కప్లర్ దగ్గర దొరికాయి. కరెంటు 8 ఆంపియర్లు. ఓమ్ సూత్రం ప్రకారం నిరోధం 3/8, అంటే 0.375 ఓములు. చూడ్డానికి ఎంత చిన్న అంకె! కాని 3 ఓల్టులు, 8 ఆంపియర్లు కలిస్తే 24 వాట్ల వేడి. మన ల్యాబులోని సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే వేలిగోరంత టెర్మినల్లో ఒక సోల్డరింగ్ ఐరన్ వెలుగుతోందన్నమాట. వేడెక్కి స్ప్రింగు పట్టు వదిలేది, ఫ్యాను ఆగేది. చల్లారి, గతుకులో కదిలి మళ్ళీ అంటుకునేది.

కప్లరు విప్పితే ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి ఉంది. “ఆడదాన్ని ఒక్కటి మార్చెయ్‌రా, మగది బాగానే ఉందిగా” అన్నాడు బాబాయి. (కప్లర్లో రెండు సగాలకూ షెడ్డు భాషలో అవే పేర్లు.) నేను ఒప్పుకోలేదు. మాడిన సగం కొత్తదాన్నీ మాడుస్తుంది. రెండూ కోసేసి, కాస్త లావు టెర్మినళ్ళు నొక్కించాం. బేరింగులెండిన మోటారు ఎక్కువ కరెంటు లాగి కప్లరును కాలుస్తుంది గనుక ఆ కొలతా మళ్ళీ చూశాం, పెరగలేదు. బ్యాటరీ నుంచి మోటారు దాకా ఇప్పుడు పోయేది 0.4 ఓల్టు.

షెడ్డువాళ్ళు విప్పిపారేసిన పాత మోటారును కూడా బ్యాటరీకి తగిలించి చూశాను. అది నిక్షేపంగా తిరిగింది. ఇప్పుడు బాబాయి సీటు వెనక పెట్టెలో స్పేరుగా ఉంది.