నెట్‌వర్క్ బ్రిడ్జి అమర్చునపుడు లైను పోయినచో

పలమనేరు ప్రాంతమున ఒక పంచాయతీ కార్యాలయము కలదనుకొందము. ఇంటర్నెట్ లైను చేరిన కంప్యూటరునకు రెండవ లాన్ కార్డు తగిలించి, దాని ద్వారా ప్రక్కగది కంప్యూటర్లకును లైను నీయవలెనని సభ్యులు తలంచిరి. ఒకే కంప్యూటరులోని రెండు కార్డులను ఇట్లు కలుపు ఏర్పాటునకే నెట్‌వర్క్ బ్రిడ్జి అని పేరు. మెకానిక్కు దానిని అమర్చిన మరుక్షణమే లైను పోయినది. వాకిట ధ్రువపత్రములకై వచ్చినవారు నిలిచియున్నారు. ఒకరు తీగను పెరికిరి. మరొకరు లైనువారికి ఫిర్యాదు చేసిరి. తీగ మాత్రము బాగుగనే యున్నది.

2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ మామోదించిన పథకము, తరువాత భారత్‌నెట్ అను పేరుతో, గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీగను చేర్చుటకు పూనుకొన్నది. ఊరివరకు వచ్చిన లైనును గదిగదికి పంచుకొను పని మనదే గనుక ఈ సంగతి సభ్యులు తెలిసికొనదగినది.

ముందుగా లాన్ కార్డు వద్ద దీపము వెలుగుచున్నదో లేదో చూడవలెను. వెలుగుచున్నచో తీగ జోలికి పోనక్కరలేదు. పిమ్మట ఐ.పి. చిరునామాను చూడవలెను. అది మొదట లాన్ కార్డు పేర నుండును. కార్డు బ్రిడ్జిలో చేరినంతనే అది వట్టి ద్వారమగును. చిరునామాయు, బయటికి పోవు గేట్‌వేయు బ్రిడ్జి పేరునకు మారవలెను. ఇల్లు మారినవాడు పాత తలుపు నంబరే ఇచ్చుచుండినచో ఉత్తరములు పాత గడపలోనే పడును గదా! పెక్కు చోట్ల జరుగు పొరపాటిదియే.

చిరునామా సరిగా నున్నను కొంతసేపు లైను రాకపోవచ్చును. దీనికి కారణము వినదగినది. తీగలు చుట్టుగా కలిసినచో ఒకే సందేశము గిరగిర తిరుగుచు పెరిగి, నెట్‌వర్కునంతను ఊపిరాడనీయదు. దీనికి విరుగుడుగా 1985లో అమెరికాయందు రేడియా పెర్ల్‌మన్ అను మహిళా ఇంజనీరు స్పానింగ్ ట్రీ అను పద్ధతిని కల్పించెను. ఆ పద్ధతిననుసరించి బ్రిడ్జి మొదట 15 సెకండ్లు ఆలకించును, మరి 15 సెకండ్లు ఇరుగుపొరుగు యంత్రములను గుర్తించును. అటుపిమ్మటనే దారి విడుచును. ఈ అరనిమిషములో తీగను పెరికి మరల గ్రుచ్చినచో లెక్క మొదటికి వచ్చును. ఓపికలేనివాని కష్టము రెట్టింపన్నమాట! 2001లో వచ్చిన వేగవంతమైన పద్ధతి యున్న పరికరములలో ఈ ఆలస్యము మిక్కిలి తక్కువ. ఆలస్యమునకు విసిగి ఈ కాపలాను తీసివేయించువారు, తీగలెక్కడను చుట్టుగా లేవని ముందు రూఢి చేసికొనవలెను.

ఆ అరనిమిషములోనే కంప్యూటరు చిరునామాను కోరి, జవాబు రాక విసిగి, 169.254తో మొదలగు చిరునామాను తానే పెట్టుకొనుటయు కలదు. అట్టిది కనబడినచో దారి తెరచుకొన్న పిమ్మట చిరునామాను మరల కోరింపవలెను.

చిత్తూరునందో తిరుపతియందో కూర్చుండి, అదే లైను మీదుగా ఊరి కంప్యూటరులో బ్రిడ్జి అమర్చుట ప్రమాదము. తప్పు జరిగినచో దిద్దుటకు దారియే యుండదు. కచేరి వేళలు ముగిసిన పిమ్మట, కంప్యూటరు ఎదుట ఒకరుండగా, పాత అమరికను కాగితముపై వ్రాసికొని యీ పని చేయింపవలెను. క్రొత్త అమరికను కంప్యూటరులో శాశ్వతముగా భద్రపరచిరో లేదో, మెకానిక్కు వెళ్లకముందే ఒకమారు కంప్యూటరును ఆపి తిరిగి నడిపించి చూడవలెను. లేనిచో కరెంటు పోయి వచ్చినపుడు లైను మరల పోవును.