విదేశీ బడిలో టీచర్ ఉద్యోగం: ముందు బీఈడీ, తర్వాతే ఏజెంటు

'పది రోజుల ఆన్‌లైన్ కోర్సు, దుబాయ్‌లో టీచర్ ఉద్యోగం గ్యారంటీ' అని మీ ఫోన్‌కు మెసేజ్ వస్తే డబ్బు కట్టకండి. ముందు ఈ నాలుగు ముక్కలు చదవండి. వాడరేవు, చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో డిగ్రీ చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందే కుటుంబాల పిల్లల కోసం రాసిన పాఠం ఇది.

అసలు అర్హత ఏది?

విదేశాల్లో రెండు రకాల బడులు మనవాళ్లకు అందుబాటులో ఉంటాయి. ఒకటి, మన సీబీఎస్ఈ సిలబస్ చెప్పే బడులు. ఇవి 20కి పైగా దేశాల్లో ఉన్నాయి, గల్ఫ్‌లో ఎక్కువ. ఇక్కడ హైస్కూలు తరగతులకు సాధారణంగా అడిగేది డిగ్రీ, బీఈడీ. 11, 12 తరగతులకైతే పీజీ కూడా ఉండాలి.

రెండోది, బ్రిటిష్ లేదా ఐబీ సిలబస్ బడులు. వీటిలో పోటీ ఎక్కువ. బీఈడీతో పాటు అనుభవం, మంచి ఇంగ్లీషు చూస్తారు. ఐబీ శిక్షణను ఉద్యోగంలో చేరాక కూడా తీసుకోవచ్చు.

120 గంటల ఇంగ్లీషు టీచింగ్ కోర్సులాంటివి అదనపు అర్హత మాత్రమే. అవి బీఈడీకి బదులు కావు.

ఫీజు ఎవరు కడతారు?

బీఈడీ రెండేళ్ల కోర్సు. ఎడ్‌సెట్ రాసి, కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకుంటే, అర్హత ఉన్న కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షల లోపు ఉండాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు.

మేనేజ్‌మెంట్ కోటాలోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే ఈ సాయం రాదు. 'కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలప్పుడు వస్తే చాలు' అనే మాట నమ్మకండి. హాజరు లేకపోతే రీయింబర్స్‌మెంట్ పోతుంది. పైగా రెగ్యులర్‌గా చదివారా, దూరవిద్యలోనా అని గల్ఫ్‌లో సర్టిఫికెట్లు పరిశీలించేటప్పుడు అడుగుతారు. చేరే ముందు ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

బీఈడీ తర్వాత ఏం చేయాలి?

ముందు ఇక్కడే ఏదైనా ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఒకటి రెండేళ్లు పాఠాలు చెప్పండి. జీతం తక్కువైనా సరే, అపాయింట్‌మెంట్ లెటరు, అనుభవ పత్రం తప్పకుండా తీసుకోండి. నోటిమాట అనుభవాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

లెక్కలు, సైన్స్ వాళ్లకు మరో దారి ఉంది. ఇంగ్లండ్ ప్రభుత్వం ఇచ్చే క్యూటీఎస్ అనే టీచర్ హోదాకు 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో శిక్షణ పొందినవారూ దరఖాస్తు చేసుకోవచ్చు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్స్, కొన్ని విదేశీ భాషలు చెప్పేవారికే ఇది. దరఖాస్తుకు ఫీజు లేదు. 'క్యూటీఎస్ అప్లికేషన్ ఫీజు' అని ఎవరైనా అడిగితే అది వాళ్ల జేబులోకే. అయితే క్యూటీఎస్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం, వీసా వచ్చినట్టు కాదు.

సర్టిఫికెట్ల మీద ముద్రలు

డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లను ముందు యూనివర్సిటీ, ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, చివరగా కేంద్ర విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. ఒమన్, బహ్రెయిన్, సౌదీలకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు అది చాలదు, ఆ దేశ రాయబార కార్యాలయం అటెస్టేషన్ కూడా కావాలి. దీనికి వారాలు పడుతుంది. ఆఫర్ వచ్చాక పరుగెత్తడం కన్నా, పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకుని సరిచేయించుకోండి.

ఏజెంటు దగ్గర జాగ్రత్త

పదో తరగతి పాసైనవారికి ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అంటే వెళ్లే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. ఇది సౌకర్యమే. కానీ మీ ఒప్పంద పత్రాన్ని మీ తరఫున పరిశీలించే అధికారి కూడా దారిలో ఉండరు. ఆ పని మీరే చేసుకోవాలి.

• 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నంబరు సరిచూడండి.
• సర్వీసు చార్జి రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడగకూడదు. రసీదు తీసుకోండి.
• 'విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్పిస్తాం' అంటే లేచి వచ్చేయండి.
• జీతం, వసతి, సెలవులు, తిరుగు టికెట్టు ఒప్పందంలో రాసి ఉండాలి.
• ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకండి.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. విదేశాల్లో ఉద్యోగాల గురించి విదేశాంగ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090.

ఈ వారమే చేయండి

ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు పాతవైతే సచివాలయంలో గానీ, 95523 00009 మన మిత్ర వాట్సాప్‌లో గానీ దరఖాస్తు పెట్టండి. ఎడ్‌సెట్ నోటిఫికేషన్ గమనిస్తూ ఉండండి. అమ్మ మెడలో బంగారం తాకట్టు పెట్టి ఏజెంటు చేతిలో పోసే లక్షతో సర్టిఫికెట్ రాదు. కన్వీనర్ సీటుతో చదివిన బీఈడీ మాత్రం విదేశం వెళ్లినా, వెళ్లకపోయినా మీ చేతిలోనే ఉంటుంది. డీఎస్సీకీ అదే పనికొస్తుంది.