స్లీవ్ సర్జరీ తర్వాత తొలి ఏడాది: మేనకోడలికి లేఖ

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, దాదాపు ముప్పావు వంతు లేదా అంతకన్నా కాస్త ఎక్కువే తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీకప్పు. తీసేసిన పైభాగానికి రెండు పనులుండేవి. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా అక్కడే తయారయ్యేది, తిన్నకొద్దీ సాగి చోటిచ్చేది కూడా అదే. అది పోవడంతో ఆకలి మందగిస్తుంది, మిగిలిన గొట్టానికి సాగే గుణం తక్కువ. మొదటి వారంలో పడే బాధ కత్తి పెట్టిన బాధ. ఆ తర్వాతి ఇబ్బందుల్లో చాలావరకు కంచం దగ్గర పుట్టేవే. ఈ తేడా తెలిస్తే అనవసరమైన భయాలు సగం తగ్గుతాయి.

ఈ ఆపరేషన్‌ను పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, లోపలికి కార్బన్ డయాక్సైడ్ నింపి చేస్తారు. మిగిలిపోయిన గ్యాస్ ఉదరవితానాన్ని రాసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండింటికీ నరాల దారి ఒకటే కావడం దీనికి కారణం. గుండెనొప్పేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడేది దీనికే. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నడిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. నడక వల్ల మరో పెద్ద మేలుంది: పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. అందుకే ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే మంచం దింపి నాలుగడుగులు వేయిస్తారు. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటరును మంచం పక్కన బొమ్మలా పెట్టుకోకుండా గంటగంటకూ పీల్చాలి. నొప్పికి సాధారణంగా పారాసెటమాల్ సరిపోతుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి జీర్ణాశయం లోపలి పొరను దెబ్బతీస్తాయి కనుక సర్జన్‌ను అడగకుండా వేసుకోకూడదు.

ఇంటికొచ్చిన వాళ్ళు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చే కారణాల్లో ముఖ్యమైనది ఒంట్లో నీరు తగ్గడం. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు కావాలి, కానీ గటగటా తాగే వీలు లేదు. చేతిలో సీసా ఉంచుకుని, కొద్ది నిమిషాలకోసారి చిన్న గుక్క వేస్తూ రోజంతా తాగడం ఒక్కటే మార్గం. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా నీరు చాలడం లేదని లెక్క. చల్లనీళ్ళు పట్టేసినట్టనిపిస్తే గోరువెచ్చనివి హాయిగా దిగుతాయి. సోడా, కూల్‌డ్రింకుల గ్యాస్‌కు ఆ గొట్టంలో చోటు లేదు.

ఆహారం మెట్లుమెట్లుగా సాగుతుంది. ఒకటి రెండు రోజులు తేటనీళ్ళ వంటివే. ఆ తర్వాత సుమారు రెండు వారాలు వడకట్టిన పప్పుకట్టు, పల్చటి మజ్జిగ, చికెన్ సూప్, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి: పెసరపప్పు గుజ్జు, చిలికిన పెరుగు, బాగా చిదిమిన గుడ్డు. నెల దాటాక మెత్తటి ఇడ్లీ, పనీర్, ఉడికిన చేప. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి ఈ తేదీలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. డైటీషియన్ రాసిచ్చిన కాగితమే ప్రమాణం, పక్కింటివాళ్ళ అనుభవం కాదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. టీకప్పంత చోటులో అంత ప్రొటీన్ పట్టాలంటే దాన్నే ముందు తినాలి. మన భోజనానికి ఇది పూర్తిగా తలకిందులు. మనవాళ్ళకు అన్నం ముందు, పప్పు దానికి తోడు. ఇక్కడ పప్పు, గుడ్డు, చేప ముందు, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. బ్రెడ్డు, మెత్తటి చపాతీ, ఉండకట్టిన అన్నం గొట్టంలో బంకలా అతుక్కుంటాయి కాబట్టి వీటిని అన్నిటికన్నా ఆలస్యంగా మొదలుపెట్టాలి.

తొందరగా మింగినా, సరిగా నమలకపోయినా రొమ్ము మధ్య పట్టేసినట్టవుతుంది, నోటినిండా నురగలాంటి లాలాజలం ఊరుతుంది, తిన్నది తిరిగి వస్తుంది. దానికి ముందే ఒళ్ళు ఒక సైగ చేస్తుంది. కొందరికి ఎక్కిళ్ళు, కొందరికి తుమ్ములు, కొందరికి ముక్కు కారడం. ఆ సైగ తర్వాత ఒక్క ముద్ద తిన్నా ఎక్కువే. భోజనానికి ఇరవై నిమిషాలకు తగ్గకుండా పట్టాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. వీటన్నిటికన్నా కష్టం చుట్టాల ఇల్లు. ‘ఒక్క గరిటె, నా మాట కాదనకు’ అని కొసరి వడ్డించే ప్రేమకు ఆపరేషన్ సంగతి పట్టదు. విస్తరి ముందు మొహమాటపడేకంటే డాక్టరు వద్దన్నారని నిర్మొహమాటంగా చెప్పేయడమే నయం. పెళ్ళిళ్ళకు కాస్త తినే వెళ్ళవచ్చు.

స్లీవ్ తర్వాత గుండెలో మంట కొందరికి కొత్తగా మొదలవుతుంది, ముందునుంచీ ఉన్నవాళ్ళకు పెరగవచ్చు. ఆమ్లం తగ్గించే మాత్రను చెప్పినన్నాళ్ళు మానకూడదు, రాత్రి తిన్న వెంటనే పడుకోకూడదు. తిండీ పీచూ తగ్గడంతో మలబద్ధకం మామూలే. తీపి ఎక్కువైతే గుండెదడ, చెమట, విరేచనం రావచ్చు. ఇది గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్ళలో ఎక్కువ, స్లీవ్‌లో తక్కువ.

ఓర్చుకోకూడనివి వేరే ఉన్నాయి. నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఆయాసం కుట్లవరుస దగ్గర లీకుకు గుర్తులు కావచ్చు. ఇది అరుదు, కానీ ప్రాణాంతకం. ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, నల్లటి విరేచనం, గుక్కెడు నీళ్ళు కూడా నిలవని వాంతి కూడా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన లక్షణాలే. గ్యాసేలే అని వాము నమిలి తెల్లవారేదాకా చూడకూడదు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 విటమిన్ అడుగంటి నడక తూలడం, చూపు చెదరడం మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు.

మూడో నెల ప్రాంతంలో దువ్వెన నిండా జుట్టు వస్తుంది. వేగంగా బరువు తగ్గిన ఒంటికి అది సహజం. ప్రొటీన్, ఐరన్ సరిగా అందుతుంటే కొన్ని నెలల్లో ఆగి, మళ్ళీ మొలుస్తుంది. బరువు కూడా సాఫీగా దిగదు. తొలి నెలన్నరలోనే ఒకసారి రెండు మూడు వారాలు ముల్లు కదలకుండా నిలిచిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. రోజూ తూకం ఎక్కేవాళ్ళు ఇక్కడే కుంగిపోతారు. దిగులుకు మరో కారణమూ ఉంది. ఏళ్ళతరబడి తిండితో తీర్చుకున్న బెంగకు ఇప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు కౌన్సెలర్‌ను కలవడం ఫిజియోథెరపిస్టును కలిసినంత మామూలు విషయం.

షుగరు, బీపీ మందుల మోతాదు త్వరగానే తగ్గించాల్సి రావచ్చు, కానీ తగ్గించేది డాక్టరే. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశాలు పెరుగుతాయి, అయినా పిల్లల్ని కోరుకునే ఆడవాళ్ళను కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. విటమిన్ మాత్రలు మాత్రం ఒంట్లో బాగున్నా జీవితాంతం వేసుకోవాలి: మల్టీవిటమిన్, బి12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకుంటే ఒకటి మరొకదాన్ని ఒంటికి పట్టనివ్వదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు రక్తపరీక్షలు, ఆపైన ఏడాదికోసారి.

ఆశీస్సులతో,
అత్తయ్య