రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లకు ఉచిత పరీక్షలు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత మహిళలకు సమాచారం

ఎందుకు చేయించుకోవాలి?
2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్, 1.27 లక్షల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చాయి. "నొప్పి లేదు గదా, నాకేం జబ్బు?" అని చాలామంది అంటారు. మొదట్లో రొమ్ములో గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. ముఖద్వార క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అది చేరాక క్యాన్సర్‌గా మారడానికి చాలామందిలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ లోపల పట్టుకుంటే క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు.

ఎవరికి?
30 నుంచి 65 ఏళ్ల మహిళలందరికీ. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే అక్కైనా, ఆత్మకూరు పొలాల్లో కూలికి పోయే అమ్మైనా పైసా కట్టనక్కర్లేదు. ఐదేళ్లకోసారి చేయించుకోవాలి.

ఎక్కడ?
2024 నవంబరులో రాష్ట్రమంతా ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. ఏఎన్ఎం, సీహెచ్‌వో మీ ఇంటికి వచ్చినప్పుడు లక్షణాలు దాచకుండా చెప్పండి. వాళ్లు వచ్చిన రోజు మీరు పనికి పోయి ఉంటే, ఊళ్లోని హెల్త్ క్లినిక్‌కు గానీ పీహెచ్‌సీకి గానీ వెళ్లి పేరు రాయించుకోండి. ముఖద్వారం పరీక్ష ఏ రోజు, ఎక్కడ చేస్తారో ముందే అడిగి పోతే కూలి పోగొట్టుకొని ఊరికే తిరిగి రావలసిన పని ఉండదు.

పరీక్ష ఎట్లా ఉంటుంది?
• రొమ్ము: శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చాటున చేత్తో తాకి చూస్తారు.
• ముఖద్వారం: పలచని ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్ లాంటిది) దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్ల మచ్చ కనబడితే తర్వాతి పరీక్షకు పంపుతారు. కోత ఉండదు, మత్తు ఉండదు. కాస్త చురుక్కుమనొచ్చు. బహిష్టు రోజుల్లో పోవద్దు. గర్భవతి అయితే ముందే చెప్పాలి. ముట్లు ఆగిపోయిన వాళ్లకు వేరే పరీక్ష రాయవచ్చు.

తేడా ఉందంటే?
తెల్ల మచ్చ అంటే క్యాన్సర్ అని కాదు. గడ్డలు కూడా చాలావరకు క్యాన్సర్ కావు. కానీ తేల్చేది పెద్దాసుపత్రిలోనే. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పొమ్మని చీటీ ఇస్తే, ఆ చీటీని పెట్టెలో దాచవద్దు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఛార్జీలు, ఒక రోజు కూలి, ఇంట్లో పిల్లలు, ఈ కష్టం నిజమే. అయినా పరీక్ష చేయించుకొని అక్కడే ఆగిపోతే సగం పనే. తోడుగా ఆశా అక్కను గానీ ఇంట్లో వాళ్లను గానీ రమ్మనండి. క్యాన్సర్ అని తేలితే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో చికిత్స ఉంది. ఆధార్, బియ్యం కార్డు వెంట ఉంచుకోండి.

పరీక్ష దాకా ఆగకూడని లక్షణాలు
• రొమ్ములో, చంకలో గడ్డ; చర్మం లోపలికి గుంట పడడం; చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం.
• కలయిక తర్వాత రక్తం, ముట్లు ఆగాక మళ్లీ రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట.
వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, వయసు 30 లోపైనా, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

మగవాళ్లకు ఒక మాట
ఈ పరీక్ష చేయించుకోవడం సిగ్గుపడే విషయం కాదు. భార్యనో, తల్లినో బండి మీద మీరే తీసుకుపోండి.

ఈ వారం చేయవలసినవి
1. ఏఎన్ఎంని అడిగి పరీక్ష తేదీ తెలుసుకోండి.
2. పక్కింటి అక్కను కూడా రమ్మనండి. ఇద్దరు పోతే బెరుకు తగ్గుతుంది.
3. చీటీ ఇస్తే నెల్లూరు పోయే రోజు అప్పుడే ఖాయం చేసుకోండి. సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి.